ఏడీహెచ్‌డీ, అవాయిడెంట్ పర్సనాలిటీ కలిసి ఉన్నప్పుడు: అపోహలు - వాస్తవాలు

పాతిక, ముప్పై ఏళ్ల వయసులో మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరి ఫైలు మీద రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఏడీహెచ్‌డీ, అంటే చిన్నతనంలోనే మొదలయ్యే శ్రద్ధాలోపం. రెండోది అవాయిడెంట్ పర్సనాలిటీ డిజార్డర్. ఇది ఉన్నవాళ్లు, నలుగురూ తప్పుపడతారేమో, చులకనగా చూస్తారేమో అన్న భయంతో మనుషుల నుంచీ పనుల నుంచీ తప్పుకుంటూ బతుకుతారు. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఒకటి రెండోదాన్ని దాచేస్తుంది, పెంచుతుంది కూడా. క్లినికల్ సైకాలజిస్టుగా నేను ఇళ్లవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఏడీహెచ్‌డీ అంటే ఒక్కచోట కూర్చోని పిల్లలకు వచ్చేది. నోరు విప్పకుండా మూల కూర్చునేవాడికి అదెలా ఉంటుంది?

వాస్తవం: గెంతులూ అల్లరీ లేని ఏడీహెచ్‌డీ ఉంది. మానసిక సమస్యలను గుర్తించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసే మాన్యువల్ ఉంది. 1980లో వచ్చిన దాని మూడో కూర్పే దాన్ని విడిగా చెప్పింది. అవాయిడెంట్ పర్సనాలిటీ కూడా అందులోనే మొదటిసారి చేరింది. ఈ పిల్లలు క్లాసులో ఎవర్నీ ఇబ్బంది పెట్టరు కాబట్టి టీచర్ల కంట పడరు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. పైగా, ఏం మాట్లాడితే ఏం తప్పు దొర్లుతుందోనని నోరు కట్టేసుకున్న మనిషిలో ఏడీహెచ్‌డీ తాలూకు తొందరపాటు బయటికి కనిపించదు.

అపోహ: మొహమాటం ఎక్కువ, అంతే.

వాస్తవం: మొహమాటస్తుడు భోజనాల దగ్గర రెండోసారి వడ్డించమని అడగడు, కానీ పెళ్లికి వస్తాడు. ఈ డిజార్డర్ ఉన్నవాళ్లు పెళ్లికే రాలేరు. రాలేకపోయినందుకు ఆ ఇంటివాళ్లకు మొహం చూపించలేక ఇంకో ఏడాది తప్పించుకుంటారు. ఒంటరిగా ఉండడమే హాయి అనుకునేవాళ్లతో వీళ్లను కలపకండి. వీళ్లకు స్నేహం కావాలి, ప్రేమ కావాలి. తమను ఇష్టపడతారన్న నమ్మకం కుదిరితే తప్ప అడుగు వేయలేరు. ఇప్పటి అమెరికన్ మాన్యువల్ ప్రకారం 7 లక్షణాల్లో కనీసం 4 ఉండాలి. అవి యుక్తవయసు నాటికే మొదలై ఇల్లు, ఆఫీసు, స్నేహాలు అన్నిచోట్లా కనిపించాలి.

అపోహ: ఇదంతా బద్ధకం. ఒక్క మెసేజ్‌కి రిప్లై ఇవ్వడానికి ఏం కష్టం?

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే రెండు సమస్యలూ కలిసి ఎలా పనిచేస్తాయో ఇక్కడే బాగా తెలుస్తుంది. ఇప్పుడు చెప్పేది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసిన వరస.

పొద్దున తొమ్మిదిన్నరకు టీమ్ లీడ్ దగ్గర్నుంచి వాట్సాప్ వస్తుంది: “ఆ రిపోర్ట్ ఎంతవరకు వచ్చింది?” చూస్తారు. ఫైల్ ఒకసారి తెరిచి చెబుదాం అనుకుంటారు. ఫైల్ తెరిచేలోగా ఇంకో మెయిల్, దాంట్లోంచి ఇంకో పని. మెసేజ్ బుర్రలోంచి జారిపోతుంది. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే గుర్తొచ్చి గుండె ఝల్లుమంటుంది. అప్పుడు కూడా “సగం అయింది, సాయంత్రానికి పంపిస్తాను” అని రాస్తే సరిపోతుంది. కానీ ఇంత ఆలస్యంగా రాస్తే ఏమనుకుంటారు? రిపోర్ట్ మొత్తం పూర్తిచేసి దాంతోపాటే సారీ చెబుదామనుకుంటారు. పూర్తి చేయాలన్న టెన్షన్‌తో మొదలే పెట్టలేరు. రాత్రికి ఫోన్ సైలెంట్‌లోకి వెళ్తుంది. మర్నాడు మీటింగ్‌లో కెమెరా ఆఫ్. మూడో రోజు ఒంట్లో బాగాలేదని లీవ్.

మొదటి మూడు గంటలూ శ్రద్ధాలోపం పని. మిగతా మూడు రోజులూ భయం పని. అందుకే ప్రతి సంఘటనలోనూ నేను విడదీసి అడుగుతాను: మర్చిపోయారా, భయపడ్డారా? ఏ నిమిషం వరకు మర్చిపోయారు, ఎక్కడి నుంచి భయం పట్టుకుంది? రెండింటికీ వైద్యం వేరు. మతిమరుపుకు అలారం, కంటికి కనిపించేలా రాసిపెట్టుకోవడం, చూసిన వెంటనే ఒక్క వాక్యమైనా రిప్లై పెట్టే అలవాటు పనికొస్తాయి. భయానికి అలారం ఏం చేస్తుంది? మోగుతుంది, ఆపేస్తారు. అక్కడ చేయాల్సింది అరకొర జవాబైనా పంపించి, అవతలివాళ్లు ఏమంటారని తాము ఊహించారో, నిజంగా ఏమన్నారో పక్కపక్కన రాసి చూసుకోవడం. వారాల తరబడి ఇది చేస్తేనే భయం పట్టు సడలుతుంది.

అపోహ: ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్నవాడికి ఏడీహెచ్‌డీ ఏంటి?

వాస్తవం: మన రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో పొద్దున లేపేది వార్డెన్, కూర్చోబెట్టేది స్టడీ అవర్, చదివించేది వారంవారం పరీక్ష. ఇల్లు కట్టేటప్పుడు వేసే సారువ లాంటిది ఆ ఏర్పాటు. మనిషి తన బలంతో నిలబడ్డాడో, దాని ఆసరాతో నిలబడ్డాడో అది తీసేదాకా తెలియదు. బీటెక్‌లో చేరగానే అది పోతుంది, సప్లీలు మొదలవుతాయి. “ఫ్రెండ్స్ పాడు చేశారు” అని ఇంట్లో అంటారు. అసలు ఫ్రెండ్సే లేరని మాకు తెలుస్తుంది.

ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే 12 ఏళ్లలోపే దాని ఆనవాళ్లు ఉండాలి. అందుకే పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మంటాం. వాటర్ బాటిళ్లు, పెన్సిళ్లు పోగొట్టేవాడా, చెప్పిన మాట సగంలోనే మర్చిపోయేవాడా అని అమ్మను అడుగుతాం. ఇదేదో లాంఛనం అనుకోవద్దు. విపరీతమైన భయంలో ఉన్న ఎవరికైనా ఏకాగ్రత కుదరదు. నిద్రలేమి, డిప్రెషన్, థైరాయిడ్ సమస్య ఉన్నా అంతే. రీల్స్ చూసి “నాకూ అదే” అని తేల్చేసుకోవడం వల్ల అసలు జబ్బు పక్కకు పోయే ప్రమాదం ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్న ప్రతివాళ్లూ భయస్తులు కారు. స్వభావం, ఇంటి వాతావరణం, బడిలో పడిన అవమానాలు అన్నీ కలుస్తాయి. అయితే “నీకు బుర్ర ఎక్కడుంది” అని రోజూ వింటూ పెరిగిన పిల్లలు, తమలోనే ఏదో లోటుందని నమ్మడం నేను పదేపదే చూస్తున్నాను. ఆ మాటలు అన్నవాళ్లు కూడా ప్రేమలేక అనలేదు. వాళ్లకు జబ్బు సంగతి తెలియదు.

అపోహ: ఒక మాత్ర వేసుకుంటే రెండూ పోతాయి. లేదా, ఆ మాత్రలు మత్తుమందులు, జోలికి పోవద్దు.

వాస్తవం: రెండూ తప్పే. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాలను, మనసుపై పనిచేసే మందులను నియంత్రించే చట్టం) కింద నియంత్రణలో ఉన్న మందు. సైకియాట్రిస్ట్ బీపీ, గుండె సంగతి చూసుకుని, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు. అలా పర్యవేక్షణలో వాడేటప్పుడు వ్యసనం భయంతో దూరం పెట్టాల్సిన పనిలేదు. కొందరిలో ఇది గుండెదడ, ఆందోళన పెంచుతుంది కాబట్టి భయం బాగా ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అటామాక్సెటిన్ అనే ఇంకో మందు పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అవాయిడెంట్ పర్సనాలిటీకి ప్రత్యేకంగా మందు లేదు. పక్కనే డిప్రెషన్, ఆందోళన ఉంటే వాటికి ఇస్తారు. శ్రద్ధ కుదిరితే థెరపీలో అనుకున్న పని ఇంటికెళ్లి చేయగలుగుతారు, అది చాలా పెద్ద లాభం. భయాన్ని మాత్రం కూర్చుని, మాట్లాడి, చేసి చూసి తగ్గించుకోవాల్సిందే.

అపోహ: పదిమందిలోకి తోసేస్తే అదే అలవాటవుతుంది. పెళ్లి చేస్తే ఇంకా మంచిది.

వాస్తవం: ఒప్పించకుండా తోస్తే ఇంకా లోపలికి ముడుచుకుంటారు. మేమూ పదిమందిలోకి పంపిస్తాం, కానీ మెట్లుగా, వాళ్లే ఎంచుకున్న వరసలో. కిరాణా కొట్టులో ధర అడగడం మొదటి మెట్టు కావచ్చు. పెళ్లి వైద్యం కాదు. ఇంకో మనిషి జీవితాన్ని మందుగా వాడకండి.

అపోహ: పర్సనాలిటీ డిజార్డర్ అన్నారంటే ఇక మారదు.

వాస్తవం: 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, చాలావరకు ఈ పాత రకాల పేర్లే తీసేసింది. సమస్య స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని ముందు చూడమంటుంది. ఆ తీవ్రత కాలంతో మారవచ్చు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునేది), స్కీమా థెరపీ (చిన్నప్పటి నుంచి పాతుకుపోయిన నమ్మకాల మీద పనిచేసేది), గ్రూప్ థెరపీలతో మార్పు వస్తుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

అపోహ: కౌన్సెలింగ్ మధ్యలో మానేశాడంటే బాగుపడాలని లేదన్నమాట.

వాస్తవం: ఒక అపాయింట్‌మెంట్ మర్చిపోతారు. మర్చిపోయినందుకు మాకు మొహం చూపించలేక తర్వాతివి మానేస్తారు. పై మెసేజ్ కథే ఇక్కడ మా మీద నడుస్తుంది. అందుకే మొదటి రోజే ఒప్పందం చేసుకుంటాను: రాకపోతే కారణం చెప్పక్కర్లేదు, సారీ అక్కర్లేదు, తర్వాతి వారం మీ టైమ్ మీదే. ఆలస్యంగా వస్తే మిగిలిన పది నిమిషాలైనా కూర్చుందాం. ఇంట్లోవాళ్లు కూడా “ఎందుకు వెళ్లలేదు” అని నిలదీయకుండా “మళ్లీ ఎప్పుడు తీసుకుందాం” అని అడగండి. ఫోన్ చేయడమే కష్టమైనవాళ్లకు ఆ ఫోన్ మీరు కలిపి ఇవ్వండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.