సీక్రెట్ వార్స్ 8 మాట నమ్మి టీమ్-అప్ 141ని అమ్మేయకండి

మొన్న శనివారం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒకాయన లాంగ్ బాక్స్ (కామిక్స్ పెట్టుకునే పొడవాటి అట్టపెట్టె) ఒకటి మోసుకుంటూ నేను పాత కామిక్స్ అమ్మే టేబుల్ దగ్గరికి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. బాక్స్ దించకముందే, "మార్వెల్ టీమ్-అప్ 141 మూడు కాపీలుండేవండి, పోయిన నెల ఇచ్చేశాను" అన్నారు. టీమ్-అప్ అంటే ఎక్కువగా స్పైడర్‌మ్యాన్ ఇంకో హీరోతో కలిసే కామిక్ సిరీస్, 141 అందులో సంచిక నంబర్. ఎంతకి అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. డాలర్ డబ్బాలో, అంటే ఏది తీసుకున్నా డాలరే అనే పెట్టెలో, పడేసే రేటుకి ఇచ్చారట. కొన్నవాడు చెప్పిన మాట ఒకటే: "స్పైడర్‌మ్యాన్ బ్లాక్ సూట్ మొదట వచ్చింది సీక్రెట్ వార్స్ 8లో. మీ దగ్గరున్నది దాని తర్వాతది."

పాత కామిక్స్ కొని అమ్మే పనిలో ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. చెప్పేవాళ్లలో సగం మందికి నిజంగానే తెలీదు. మిగతా సగం మందికి బాగా తెలుసు, అందుకే చెప్తారు.

జరిగింది ఇదీ. స్పైడర్‌మ్యాన్‌కి ఆ సూట్ దొరకడం కథలో సీక్రెట్ వార్స్ 8లోనే. కానీ ఆ పుస్తకం కవర్ మీద 1984 డిసెంబర్ అని ఉంటుంది. టీమ్-అప్ 141 మీద చూడండి, 1984 మే. స్పైడర్‌మ్యాన్‌వే ఇంకో రెండు సిరీస్‌లు, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 252, స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్ 90 కూడా అదే మే. మార్వెల్ వాళ్లు కావాలనే అలా వేశారు. ఏప్రిల్ నెల సంచికల్లో హీరోలు మాయమైపోయారు, మే సంచికల్లో తిరిగొచ్చేశారు, స్పైడర్‌మ్యాన్ మాత్రం నల్ల బట్టల్లో దిగాడు. మధ్యలో ఏం జరిగిందో చెప్పే సీక్రెట్ వార్స్ మొత్తం 12 సంచికలు అదే మేలో మొదలై మరుసటి ఏప్రిల్ దాకా నడిచాయి. అంటే అప్పటి పాఠకులు సూట్ ఎక్కడిదో తెలియకుండానే ఏడు నెలలు దాన్ని చూస్తూ కూర్చున్నారు. కథలో ముందు, ప్రెస్సులో వెనక. ఫస్ట్ అప్పియరెన్స్ (మొదటిసారి కనిపించిన పుస్తకం, ధర పలికేది అదే) అన్నప్పుడు మనం చూసేది ప్రెస్సు వరసే.

అలాగని 141 దొరికితే ఇల్లు కొనేయొచ్చు అనుకోకండి. మార్కెట్ 252కే పెద్దపీట వేసింది, 141 దాని వెనకే నడుస్తుంది. అయినా డాలర్ డబ్బా పుస్తకం మాత్రం కాదు.

ఇంకో మాట. కవర్ మీద మే అని ఉంటే మేలో షాపుకొచ్చిందని కాదు. అప్పట్లో పుస్తకం ఆ నెల కంటే రెండు మూడు నెలల ముందే స్టాండు మీదకొచ్చేది. అమ్ముడుపోనివి ఎప్పుడు తీసెయ్యాలో కొట్టువాడికి తెలియడానికి ఆ నెల పనికొచ్చేది. కాబట్టి కవర్ చూసి 252 ముందా 141 ముందా అని వాట్సాప్‌లో కొట్టుకోవడం దండగ.

టీమ్-అప్ గురించి వినిపించే మిగతా మాటల సంగతి గబగబా చెప్పేస్తాను.

"నంబర్ 1 దొరికింది!" ఏ నంబర్ 1? 1972లో ఒకటి, 1997లో ఒకటి, 2004లో ఒకటి, 2019లో ఒకటి. మీకు కావలసింది 1972ది, కవర్ మీద 20 సెంట్లు అని ఉన్నది, స్పైడర్‌మ్యాన్, మంటల హీరో హ్యూమన్ టార్చ్ కలిసినది. ఆన్‌లైన్‌లో కొంటుంటే లోపల ప్రచురణ వివరాలుండే చిన్న అక్షరాల ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

"బార్‌కోడ్ చోట బొమ్మ ఉంది, రీప్రింట్." కాదు. కామిక్ షాపులకి వెళ్లిన కాపీ అది. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

"అన్నిట్లోనూ స్పైడర్‌మ్యానే." కొన్నిట్లో టార్చ్, రెండు మూడిట్లో హల్క్. సెట్ పూర్తి చేసేవాళ్లు వాటిని వదిలేసి తర్వాత వెతుక్కుంటారు.

"అమ్ముడుపోక ఆపేశారు." 1985లో 150తో ఆపి, ఆ చోట వెబ్ ఆఫ్ స్పైడర్‌మ్యాన్ మొదలుపెట్టారు. ఫ్లాప్ అయినదాని చోట మళ్లీ అదే హీరోతో ఎందుకు వేస్తారు?

"టీమ్-అప్ పుస్తకాల్లో ముఖ్యమైనవేం ఉండవు." 65 తెరిచి చూడండి. మార్వెల్ బ్రిటిష్ హీరో కెప్టెన్ బ్రిటన్ మొదటిసారి అమెరికా పుస్తకంలో అడుగుపెట్టింది అందులోనే. క్రిస్ క్లేర్‌మాంట్ రాసి జాన్ బర్న్ బొమ్మలు గీసిన 59 నుంచి 70 దాకా నేనైతే లాభం చూడకుండా దాచుకున్నాను.

ఇక నా సంగతి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు 1974 నాటి టీమ్-అప్‌లు ఓ డజను కొన్నాను. కవర్లు తళతళా మెరుస్తున్నాయి, లోపల తిప్పి చూడలేదు. నా దగ్గర కొన్న పెద్దాయన అక్కడే నిలబడి ఉత్తరాల పేజీ తీశారు. మధ్యలో చిన్న కిటికీ. ఆ రోజుల్లో మార్వెల్ వ్యాల్యూ స్టాంప్ అని ఆ పేజీలో వేసేవాళ్లు, పిల్లలు కత్తిరించి పుస్తకంలో అంటించుకునేవాళ్లు. స్టాంప్ పోతే పుస్తకం అసంపూర్ణం, ధర సగానికి సగం పైనే పడుతుంది. ఆయన ఏమీ అనలేదు, పుస్తకం నా చేతిలో పెట్టారు. డబ్బు వాపసు ఇచ్చేశాను.

అందుకే గుంటూరు ఆయన బాక్స్‌లో మిగిలినవాటిని ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తెరిచాం. 1974వి తొమ్మిది ఉన్నాయి. రెండిట్లో కిటికీ. ఏ పిల్లాడో గానీ చాలా శ్రద్ధగా కోశాడు, నాలుగు అంచులూ స్కేలు పెట్టినట్టున్నాయి.