పసుపు లైటు ఆర్పమని అడగకండి: కొత్త రిమ్ములు, గాలి సెన్సర్లపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పదిహేడేళ్లుగా టైర్ల పని చేస్తున్నాను. నార్కట్‌పల్లి దగ్గర మళ్లి అద్దంకి రోడ్డు పట్టే స్పోర్ట్స్ కార్లు ఈ మధ్య మా షాపు ముందు కూడా ఆగుతున్నాయి. పోయిన వేసవిలో మిర్యాలగూడ రైస్‌మిల్లు వాళ్ల అబ్బాయి రెండు తలుపుల జర్మన్ కారు తెచ్చాడు. విదేశాల నుంచి వచ్చిన పాత 19 అంగుళాల రిమ్ములు కొని ఎక్కడో బిగించుకున్నాడు. "అన్నా, అంతా బాగుంది. ఈ పసుపు లైటు ఒక్కటి రాకుండా చెయ్యి" అన్నాడు. టైర్లలో గాలిని కొలిచే సెన్సర్ల హెచ్చరిక లైటు అది.

గేజు పెట్టి చూస్తే వెనుక ఎడమ టైరులో 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన గాలి 19 ఉంది. టైరును రిమ్ము నుంచి విడదీయగానే గుప్పెడు నల్లటి రబ్బరు పొడి నేల మీద రాలింది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి వైపు చుట్టూ రాసుకుపోయిన వలయం వేలికి గరుకుగా తగిలింది. ఆ టైరు మీదనే అతను ఆ ఉదయం హైదరాబాద్ నుంచి వచ్చాడు. మూడు నెలలుగా వెలుగుతున్న లైటు కాబట్టి దాన్ని చూడడం మానేశాడు.

అపోహ: సెన్సర్ కారులో ఉంటుంది, ఏ చక్రం వేసినా పనిచేస్తుంది.

చాలా స్పోర్ట్స్ కార్లలో సెన్సర్ ఉండేది చక్రం లోపల, గాలి కొట్టే వాల్వు వెనుక. ప్రతి సెన్సర్‌కూ ఒక సొంత నంబరు ఉంటుంది. గాలి ఎంతుందో, ఎంత వేడిగా ఉందో ఆ నంబరుతో కలిపి రేడియోలో పంపుతుంది. కారు కంప్యూటర్ తనకు తెలిసిన నాలుగు నంబర్లనే పట్టించుకుంటుంది. ఆ అబ్బాయి రిమ్ముల్లోనూ సెన్సర్లు ఉన్నాయి, కానీ అవి అమెరికా కార్లలో వాడే 315 మెగాహెర్ట్జ్‌వి. అతని కారు వినేది 433లో. ఎంత ప్రోగ్రామింగ్ చేసినా ఆ రెండూ కలవవు. సరైన ఫ్రీక్వెన్సీ సెన్సర్లు కొని, వాటి నంబర్లను కారుకు నేర్పించాలి. లేదా పాత సెన్సర్ల నంబర్లనే కొత్తవాటిలోకి ఎక్కించాలి.

పాత సెన్సర్లనే కొత్త రిమ్ములకు మార్చుకుందామని చాలామంది అంటారు. రెండు మూడేళ్లవైతే సరే, రబ్బరు సీలు మాత్రం కొత్తది వేయండి. ఏడెనిమిదేళ్లవైతే వద్దనే చెబుతాను. లోపలి బ్యాటరీ జిగురుతో మూసేసి ఉంటుంది, విడిగా మార్చలేం. దాని ఆయుష్షు సుమారు ఐదు నుంచి పదేళ్లు. అది అయిపోయిన రోజు టైరు మళ్లీ విప్పాల్సిందే.

అపోహ: లైటు వెలిగిందంటే గాలి తగ్గినట్టే.

చాలా కార్లలో నిలకడగా వెలిగితే గాలి తక్కువ. స్టార్ట్ చేయగానే నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటే సెన్సర్ వ్యవస్థలోనే లోపం. ఆ అబ్బాయి కారులో వచ్చింది రెండోది. అంటే గాలి తగ్గినా చెప్పే దారి లేదని కారు మూడు నెలలుగా మొత్తుకుంటోంది. ఈ లైటు సోకు కోసం పెట్టింది కాదు. నడుస్తుండగా టైర్లు విచ్చిపోయి జనం చనిపోయాక అమెరికా 2000లో చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ ప్రతి కొత్త కారులో ఇది తప్పనిసరి.

అపోహ: బోల్టులు పట్టాయి కాబట్టి రిమ్ము సరిపోయినట్టే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. అయిదు బోల్టుల వలయం వ్యాసం కొన్ని కార్లకు 112 మిల్లీమీటర్లు, కొన్నింటికి 114.3. ఒక్కో బోల్టు దగ్గర తేడా మిల్లీమీటరు పైచిలుకే కాబట్టి బలవంతంగా బిగిస్తే బిగుస్తుంది. కానీ బోల్టు వంకరగా కూర్చుంటుంది, దారిలో వదులవుతుంది. బోల్టు తల కూర్చునే చోటూ చూడాలి. పోర్షే, ఆడి కంపెనీ రిమ్ములకు అది గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే రిమ్ములు చాలావాటికి శంకువులా ఉంటుంది. గుండ్రటి తల శంకువు గుంతలో సన్నటి గీత మేరకే ఆనుతుంది. రిమ్ము మారిస్తే దానికి తగిన బోల్టులు కూడా కొనండి.

టైరు సైజుకు లెక్క ఉంది. 225/45 ఆర్17లో 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 17 అంటే రిమ్ము అంగుళాలు. 225/45 ఆర్17 టైరు ఎత్తు సుమారు 634 మిల్లీమీటర్లు. 18 అంగుళాల రిమ్ముకు 225/40 వేస్తే 637, చాలా దగ్గర. 245/45 వేస్తే 678. అప్పుడు స్పీడోమీటరు 100 చూపుతుంటే నిజానికి 107కు దగ్గరగా వెళుతుంటారు.

అపోహ: ఎండాకాలంలో గాలి తగ్గించి కొట్టాలి.

కూడదు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది. మా నల్లగొండ మే నెల ఎండలో టైరు పగలడానికి అదే చాలు. టైరు వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ఉదయం 34 ఉన్నది మధ్యాహ్నం ప్రయాణంలో 39 చూపినా కంగారుపడి తీసేయకండి. కంపెనీ చెప్పే అంకె చల్లటి టైరుకు. నైట్రోజన్ నింపితే పెరగదన్నదీ నిజం కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

అపోహ: సెన్సర్ ఉంటే గేజుతో పనిలేదు.

అమెరికా నిబంధన ప్రకారం ఉండాల్సినదానికన్నా పావు వంతు తగ్గాక లైటు వెలిగితే చాలు. అంటే 36 కాస్తా 27 అయ్యేదాకా కారు ఏమీ చెప్పకపోవచ్చు. నెలకోసారి గేజు పెట్టండి.

కొత్త టైర్లు వేయించేటప్పుడు, సెన్సర్ ఉందని పనివాడికి ముందే చెప్పండి. వాల్వు పక్కన టైరు విప్పే మెషిన్ దిగితే సెన్సర్ విరుగుతుంది. అల్యూమినియం వాల్వుకు ఇత్తడి మూత పెట్టనివ్వకండి, తుప్పుపట్టి అతుక్కుపోతుంది. ఆగిన కారులో సెన్సర్లు నిద్రపోతాయి, కాబట్టి బిగించగానే అంకెలు రావు. అందుకే మేము నార్కట్‌పల్లి దాకా వెళ్లి వస్తాం. నాలుగు చక్రాల అంకెలూ తెర మీద కనిపించాకే తాళం చేతికిస్తాం.