వారం వారం తోరా పారాయణంలో నీతి ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

నేను ప్రతి వారం తోరా భాగాన్ని కొంతమందితో కలిసి తెలుగులో చదివి, దాని మీద పాఠం చెప్తుంటాను. ఈ పనిలో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు: తోరా అంటే మోషే ఐదు కాండాలు, వాటిని యూదులు 54 భాగాలు చేసుకుని, ఏడాదిలో మొత్తం పూర్తయ్యేలా శనివారం ఉదయాల్లో సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) చదువుతారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు.

అపోహ: నీతి కావాలంటే కథలు చదవాలి, చట్టాల భాగాలు మనకెందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. ద్వితీయోపదేశకాండంలో 'కీ తేత్సే' అనే పరాషా ఉంది. సంప్రదాయ లెక్క ప్రకారం ఆ ఒక్కదాంట్లోనే 74 ఆజ్ఞలు. కొత్త ఇల్లు కడితే డాబాకి పిట్టగోడ కట్టు, లేకపోతే ఎవరైనా పడినప్పుడు ఆ రక్తం నీ ఇంటి మీద ఉంటుంది అని అందులో ఒక్క వచనం ఉంటుంది. పండితులు దాన్ని అంతటితో వదల్లేదు. గోడ కనీసం పది బెత్తెల ఎత్తుండాలని తేల్చారు, రబ్బీ (యూదు మతగురువు) నాతాన్ అయితే ఇదే వచనం పట్టుకుని కరిచే కుక్కను పెంచకూడదు, ఊగిపోయే నిచ్చెనను ఇంట్లో ఉంచకూడదు అన్నాడు. "పైన ఇంకో ఫ్లోర్ వేస్తాం కదా" అని ఇనుప చువ్వలు అలాగే వదిలేసి, ఏళ్ల తరబడి పిట్టగోడ లేకుండా ఉంచేసిన డాబాలు మన ఊళ్లలో ఎన్ని లేవు? వాటి మీదే పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు.

అదే పరాషాలో ఇంకోటి చూడండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి, వస్తువు అతనే బయటికి తెచ్చి ఇస్తాడు. పేదవాడు కప్పుకునేది తాకట్టు పెడితే పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చేయాలి. అప్పు ఇవ్వొద్దనలేదు, తాకట్టు తీసుకోవద్దనలేదు, గుమ్మం దాటొద్దంది. లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్ చేసి మనిషి పరువు తీస్తున్న ఈ రోజుల్లో ఇది పాత సంగతి అని ఎలా అంటాం?

అపోహ: లేవీయకాండంలో చర్మరోగాల భాగాలు దాటేసినా నష్టం లేదు.

ఆ భాగాలున్న తజ్రియా, మెత్సోరా అనే పరాషాలు వచ్చే వారాల్లో చాలామంది నీరసపడిపోతారు. నాకు మాత్రం అవంటే చాలా ఇష్టం. వాటిలో మచ్చ మనిషి చర్మానికే కాదు, ఇంటి గోడకూ రావచ్చు. అలా వస్తే యజమాని యాజకుడి దగ్గరికి వెళ్లి "మచ్చ వచ్చింది" అని చెప్పడు, "మచ్చలాంటిదేదో నాకు కనబడింది" అంటాడు. ఎంత చదువుకున్నవాడైనా, అది మచ్చేనని తనకు తెలిసినా, ఇలాగే చెప్పాలని మిష్నా (రబ్బీల చట్టాల తొలి సంకలనం) అంటుంది, ఎందుకంటే తేల్చాల్సిన మనిషి ఇంకా చూడలేదు. పక్కింటివాళ్ల గురించి విన్నది విన్నట్టే వాట్సాప్ గ్రూపులో పెట్టేసే ముందు ఈ వచనం గుర్తొస్తే చాలు.

తర్వాత ఇంకా బాగుంటుంది. యాజకుడు చూడటానికి రాకముందే ఇల్లంతా ఖాళీ చేయించాలి, లేకపోతే ఇంటితో పాటు లోపలున్న సామానూ అపవిత్రమైపోతుంది. ఏ సామాను అని రబ్బీ మేయిర్ అడుగుతాడు. చెక్కవి, బట్టలు, లోహపువి నీళ్లలో ముంచితే శుద్ధి అయిపోతాయి, ఇక పనికిరాకుండా పోయేవి మట్టి పాత్రలే. అంటే తోరా ఇంత జాగ్రత్త తీసుకున్నది ఆ ఇంటి కుండా కూజా కోసం.

అపోహ: అబ్రాహాము, యాకోబు ఏం చేస్తే మనమూ అదే చేయాలి.

అస్సలు కాదు. 13వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు రంబాన్ అయితే, అబ్రాహాము ఐగుప్తుకు వెళ్తూ భార్యను చెల్లెలని చెప్పించి ఆమెను ప్రమాదంలో పెట్టడం, తెలియక చేసినా పెద్ద పాపమేనని రాశాడు. హాగరును బాధపెట్టడం శారా తప్పు, ఊరుకోవడం అబ్రాహాము తప్పు అని కూడా తేల్చి చెప్పాడు. తాల్ముద్ (మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథం) యాకోబునూ వదల్లేదు. పిల్లల్లో ఒకరిని వేరుగా చూడొద్దు, యోసేపుకు అదనంగా ఇచ్చిన రెండు నాణేల ఎత్తు ఉన్ని వల్లే అన్నలు అసూయపడ్డారు, అదే చివరికి మన పూర్వీకులను ఐగుప్తుకు చేర్చింది అంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ప్రతి అమ్మా నాన్నా చదవాల్సిన మాట ఇది.

అపోహ: 'కంటికి కన్ను' అంటే పగ తీర్చుకోమని.

రబ్బీలు దాన్ని డబ్బు పరిహారంగానే తీసుకున్నారు. ఐదు లెక్కలు: జరిగిన నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పనికి పోలేని రోజులు, అవమానం. ఆ ఐదోదాని దగ్గర కాసేపు ఆగండి.

అపోహ: ఏ వచనం నుంచైనా మనకు నచ్చిన నీతి తీసుకోవచ్చు.

ఇది బయటివాళ్ల అపోహ కాదు, పాఠం చెప్పేవాళ్లదే. వచనం తన సూటి అర్థాన్ని వదిలిపెట్టదు అనేది తాల్ముద్ నియమం. నిర్గమకాండం 23లో నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద కూలబడితే సాయం చెయ్యమని ఉంది. పాఠం చెప్పేవాళ్లు "శత్రువును ప్రేమించండి" అని చెప్పి ముగించేస్తారు. వచనం ప్రేమ సంగతే ఎత్తలేదు, అతనితో కలిసి బరువు దించమంది. 'అతనితో కలిసి' ఉంది కాబట్టే, గాడిద యజమాని పక్కన కూర్చుని "ఆజ్ఞ నీకు కదా, నువ్వే దించుకో" అంటే నీకు బాధ్యత లేదని మిష్నా చెప్పింది, అతను ముసలివాడో రోగో అయితే మాత్రం ఉంది. స్నేహితుడి గాడిదకు బరువు దించాలి, శత్రువు గాడిదకు ఎక్కించాలి, రెండూ ఒకేసారి వస్తే ముందు ఎటు వెళ్లాలి? శత్రువు వైపే, నీ మనసు లొంగాలి కాబట్టి అంటుంది తాల్ముద్. సూటి అర్థాన్ని పట్టుకుని నడిస్తేనే ఇంత దూరం వెళ్తాం.

అపోహ: హీబ్రూ రాకపోతే కుదరదు.

ప్రతి వారం మూలం రెండుసార్లు, అనువాదం ఒకసారి చదువుకోమని తాల్ముదే చెప్పింది. ఆ అనువాదం అప్పట్లో జనం మాట్లాడుకునే అరామిక్ భాషలో ఉండేది. తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిమ్ వాళ్లు. హీబ్రూ వస్తే మంచిదే, మొదలుపెట్టడానికి మాత్రం ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్ సరిపోతుంది. శనివారం ప్రతి పరాషానూ ఏడు ముక్కలుగా చదువుతారు, మీరు రోజుకో ముక్క పెట్టుకోండి. "ఇదేంటి, ఇలా రాశారు?" అనిపించిన చోట గుర్తు పెట్టుకుని రాషీ వ్యాఖ్యానం చూడండి. 1040లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఆ పండితుడు చాలాసార్లు సరిగ్గా అక్కడే ఆగి ఉంటాడు.