వెండికి లొంగని బ్యాక్టీరియా: బోస్టన్ వార్డు చెప్పిన సంగతి

యాంటీబయాటిక్‌లకు లొంగని ఇన్ఫెక్షన్లు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా నానో వెండి (బ్యాక్టీరియాను చంపే, కంటికి కనిపించనంత చిన్న వెండి కణాలు) పేరు కూడా వినిపిస్తుంది. పసిపిల్లల ఉగ్గుగిన్నెతో మొదలయ్యే వెండి చరిత్ర పాఠకులకు తెలిసిందే కాబట్టి దాన్ని తిరగదోడడం లేదు. ఈ కణాలను మొండి పుండ్ల చికిత్సకే పరిమితం చేయాలా, మేజోళ్లలోనూ వాషింగ్ మెషీన్లలోనూ వాడనివ్వాలా అన్నదే ఇప్పటి వివాదం. దాని మూలం 1975 నాటి బోస్టన్‌లో ఉంది.

మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఒళ్లు కాలిన రోగులకు అప్పట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణం వాడేవారు. తగిలిన చర్మాన్నీ, దుప్పటినీ నల్లగా మార్చేసే మందు అది. ఆ మందుకే లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అదే వార్డులో పుట్టుకొచ్చింది. ముగ్గురు రోగులు మరణించారు, వార్డును మూసేయాల్సి వచ్చింది. ఆ సూక్ష్మజీవి యాంపిసిలిన్‌కూ, క్లోరాంఫెనికాల్‌కూ కూడా లొంగలేదన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. వెండిని తట్టుకునే జన్యువులూ యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరగల చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉన్నాయి. లోపలికి చొరబడిన వెండి అయాన్లను (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులను) బ్యాక్టీరియా కణం బయటికి తోడిపోసే ఏర్పాటు ఆ జన్యువులదేనని 1999లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త సైమన్ సిల్వర్ బృందం వివరించింది (ఆయన ఇంటిపేరులోనే వెండి ఉండడం యాదృచ్ఛికం).

అయాన్ల సంగతి వేరు, నానో కణాల సంగతి వేరు అని నానో వెండి సమర్థకులు అంటారు. బ్యాక్టీరియా కణత్వచం (పైపొర), ప్రొటీన్లు, డీఎన్‌ఏ మీద ఒకేసారి దాడి జరుగుతుంది కాబట్టి నిరోధకత (మందుకు లొంగని గుణం) పుట్టడం కష్టమన్నది వారి వాదన, ఆస్పత్రుల్లో అలాంటి కేసులు అరుదన్నదీ నిజమే. అయితే 2018లో చెక్ దేశంలోని ఓలోమౌత్స్ పరిశోధకులు ఈ-కోలైనీ, సూడోమోనాస్‌నూ చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో నానో వెండికి పదేపదే గురిచేసి చూశారు. జన్యువుల్లో మార్పేమీ లేకుండానే ఆ బ్యాక్టీరియా తమ తోకల్లో ఉండే ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసి, వెండి కణాలను ముద్దలుగా కట్టించి నిర్వీర్యం చేశాయి. దానిమ్మ తొక్క సారం ఫ్లాజెల్లిన్ తయారీని అడ్డుకోగలిగింది, కానీ అదంతా ప్రయోగశాలలో మాట.

ఇక్కడ చూడాల్సింది మోతాదు. పుండు మీద కట్టే కట్టులో వెండి దండిగా, కొద్ది రోజులపాటు ఉంటుంది. ఉతికిన ప్రతిసారీ బట్టల నుంచి కొద్దికొద్దిగా మురుగులోకి చేరే వెండి మాత్రం ఓలోమౌత్స్ ప్రయోగాన్నే గుర్తుచేస్తుంది. వెండి అయాన్లు విడుదల చేసే వాషింగ్ మెషీన్లను పురుగుమందుల కింద నమోదు చేయాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2007లో చెప్పింది గానీ, ఆ షరతు ఆస్పత్రుల్లో వెండి నిరోధకతపై నిఘాకు పనికొచ్చేది కాదు. పుండు నుంచి తీసిన నమూనాను ల్యాబ్‌కు పంపితే ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో, ఏది చేయదో వరుసగా రాసి ఇస్తారు. ఆ వరుసలో వెండి ఉండదు, ఎంత మోతాదు దాటితే నిరోధకత అనాలో తేల్చే ప్రామాణిక పరిమితి దానికి ఇంకా లేదు.