పీఎస్‌ఎల్‌వీ మూడో దశ: బయటికి రాని కాగితం

ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మళ్లీ ఎప్పుడు ఎగురుతుందన్న మాట వస్తే చాలు, 1993లో తొలి ప్రయోగం విఫలమవడం దగ్గర మొదలుపెట్టి 2017 నాటి 104 ఉపగ్రహాల దాకా అందరూ అదే కథ చెబుతారు. అది తెలిసిందే, వదిలేద్దాం. ఇప్పటి గొడవంతా ఆ రాకెట్ మూడో దశ ఎందుకు దెబ్బతిందో చెప్పే నివేదిక ఇస్రో బయట పెట్టలేదనే. అది అర్థం కావాలంటే 2025 మే 18కీ 2026 జనవరి 12కీ మధ్య గడిచిన ఎనిమిది నెలలు చూస్తే చాలు.

మే 18 ఉదయం 5.59కి పీఎస్‌ఎల్‌వీ-సీ61 లేచింది. రెండు దశలు బాగానే పనిచేశాయి. మూడోది మండుతుండగా మోటారు చాంబర్‌లో పీడనం పడిపోయింది, అందులోని భూపరిశీలన ఉపగ్రహం ఈఓఎస్-09 పోయింది. ఈ మూడో దశ ఘన ఇంధనంతో నడుస్తుంది. ఒకసారి అంటుకుంటే ఆపలేం, ఎగరబోయే మోటారునే ముందుగా మండించి చూడనూ లేం. ఎక్స్‌రేలు తీసి ఇంధనంలో పగుళ్లున్నాయా, లోపలి పొర ఎక్కడైనా ఊడిందా, మంట బయటికొచ్చే నాజిల్ సరిగా ఉందా అని చూసుకోవడం, అలాంటి మోటార్ల పాత లెక్కలతో పోల్చుకోవడం, అంతే. అందుకే ఒకటి దెబ్బతింటే ఎందుకు దెబ్బతిందో చెప్పే కాగితం కోసం అందరూ ఎదురుచూస్తారు.

ఆ కాగితం బయటికి రాలేదు. వైఫల్యంపై విచారణకు కమిటీ కూర్చుంది, నివేదిక ప్రధాని కార్యాలయానికి వెళ్లిందని వార్తలొచ్చాయి, అక్కడితో సరి. 2021 ఆగస్టులో మరో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైతే హైడ్రోజన్ ట్యాంకు వాల్వు లీకైందని ఇస్రోనే వివరంగా చెప్పింది. 2022 ఆగస్టులో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం తప్పితే, 2023 ఫిబ్రవరిలో రెండోది ఎగిరేలోపే కారణం జనం ముందు పెట్టింది. అంటే చెప్పడం చేతకాక కాదు.

తర్వాతిది 2026 జనవరి 12న ఎగిరిన సీ62. శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్‌లో రాకెట్ దశల కూర్పు, ఉపగ్రహాల అనుసంధానం, ఉష్ణకవచం మూత, ప్రయోగాల ముందు తిరుమలకీ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్లే ఆనవాయితీ, అంతా మామూలే. ప్రధాన ఉపగ్రహం ఈఓఎస్-ఎన్1తో పాటు మరో 15 చిన్నవి ఎక్కాయి. హైదరాబాద్ కంపెనీలు ధ్రువ స్పేస్, టేక్‌మీటుస్పేస్‌ల ఉపగ్రహాలూ వాటిలో ఉన్నాయి. మూడో దశ చివర్లో రాకెట్ అదుపు తప్పి తిరగడం మొదలైంది, దారి మారింది. వరుసగా రెండోసారి వైఫల్యం, మళ్లీ మూడో దశలోనే. స్పెయిన్ స్టార్టప్ పంపిన చిన్న క్యాప్సూల్ మాత్రం ఎలాగో విడిపోయి కొంత డేటా పంపింది.

ఇస్రో వైపు వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 60కి పైగా పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాల్లో విఫలమైనవి కొన్నే, పైగా రక్షణ ఉపగ్రహాల వివరాలు బయట పెట్టలేరు. నిజమే. కానీ అడుగుతున్నది ఉపగ్రహం గురించి కాదు, మోటారు గురించి. సీ62లో ఎక్కిన చిన్న కంపెనీలు ఏళ్ల పనిని ఒక్క ప్రయోగానికి అప్పగించాయి. పాత లోపం నిజంగా పోయిందో లేదో తేల్చుకోడానికి వాళ్ల చేతిలో ‘సరిచేశాం’ అన్న మాట తప్ప ఏమీ లేదు, ఆ టెన్షన్ వాళ్లదే.

2022లో హెచ్‌ఏఎల్, ఎల్‌అండ్‌టీ కంపెనీల జట్టుకు అయిదు పీఎస్‌ఎల్‌వీలు తయారుచేసే పని సుమారు 860 కోట్లకు అప్పగించారు. రాకెట్ ఎవరు బిగించినా లోపల అదే మూడో దశ. తర్వాతి పీఎస్‌ఎల్‌వీలో చోటు అడిగే కంపెనీ డబ్బు కట్టేముందు సీ61, సీ62 నివేదికలు రెండూ చూపించమంటే తప్పేముంది?