రెండు పెడళ్లకు ఒక్క కాలే

ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు కాబట్టి దాన్ని నడపడం తేలికని అందరూ అంటారు. గేర్ల వరకు అది నిజమే. అయితే మాన్యువల్ కారులో ఆ క్లచ్ మనకు తెలియకుండానే ఒక రక్షణ కల్పిస్తుంది: ఏదైనా తేడాగా అనిపించి ఎడమ కాలు క్లచ్‌ను తొక్కగానే ఇంజను బలం చక్రాలకు అందడం ఆగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఆ బంధాన్ని తెంచే సాధనం కాలి కింద ఉండదు. పైగా, గేరు లీవరు ‘డ్రైవ్’ (ముందుకు నడిపే) స్థానంలో ఉన్నప్పుడు చాలా కార్లు బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, యాక్సిలరేటర్‌ను తాకకపోయినా మెల్లగా కదులుతాయి. అందువల్ల భద్రత భారమంతా కుడి పాదం మీద, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ పాదపు మడమ ఎక్కడ ఆనుతోందన్న దాని మీద పడుతుంది.

ఎడమ వైపున వెడల్పుగా ఉండేది బ్రేకు, కుడి వైపున సన్నగా ఉండేది యాక్సిలరేటర్. మడమను బ్రేకు పెడలుకు సూటిగా నేలకు ఆనించి, పాదం నిటారుగా ఉన్నప్పుడు బ్రేకు మీద, ముందు భాగాన్ని కుడికి తిప్పినప్పుడు యాక్సిలరేటర్ మీద ఉండేలా కూర్చోవాలి. గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు మడమ పైకి లేచినా తప్పు లేదు. ఈ అమరికలో ఉన్న మేలు ఏమిటంటే, పాదం తన సహజ స్థితికి వస్తే బ్రేకు దగ్గరకే చేరుతుంది. చాలామంది ఇందుకు విరుద్ధంగా, ఎక్కువసేపు తొక్కేది యాక్సిలరేటరే కదా అని మడమను దాని ఎదుట స్థిరపరచుకుని, బ్రేకు అవసరమైనప్పుడు పాదాన్ని ఎడమకు చాపుతారు. కంగారులో ఆ చాపడం కాస్త తగ్గిందంటే పాదం రెండు పెడళ్ల మీదా పడుతుంది, లేదా యాక్సిలరేటర్ మీదే ఉండిపోతుంది.

పెడళ్లు తెలిసినవారు కూడా ఎందుకు పొరబడతారన్న ప్రశ్నకు 1980లలో అమెరికాలో లోతైన పరిశీలన జరిగింది. ఆడి కంపెనీ ‘5000’ మోడల్ కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అక్కడ పెద్ద దుమారం రేగగా, ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదికలో అలాంటి ప్రమాదాల్లో అధిక భాగానికి పెడలు తప్పుగా తొక్కడమే కారణమని తేల్చింది. అదే ఏడాది మనోవైజ్ఞానికుడు రిచర్డ్ ష్మిట్ దాని వెనకున్న యంత్రాంగాన్ని వివరించారు. చీకట్లో చేయి స్విచ్చును వెతుక్కున్నట్టుగానే, కాలు పెడలును చూడకుండా, అలవాటైన కదలికతో చేరుకుంటుంది. నిర్ణయం సరైనదే, బ్రేకు వేయాలనే మెదడు ఆజ్ఞాపిస్తుంది. కానీ పాదం కొద్దిగా పక్కకు వెళ్తుంది. కారు ముందుకు ఉరికినప్పుడు, తాను బ్రేకే తొక్కుతున్నానని గట్టిగా నమ్ముతున్న డ్రైవరుకు బ్రేకు పనిచేయడం లేదనే అనిపిస్తుంది, దాంతో ఇంకా బలంగా తొక్కుతాడు. ప్రమాదం తరవాత ‘బ్రేకు ఫెయిలైంది’ అని చెప్పేవారిలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. వారిని తిట్టడం కన్నా ఈ సంగతి ముందే నేర్పడం ఎంతో మేలని నా అభిప్రాయం.

ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా జరిగేది నిదానంగా కదిలే చోట్ల, ముఖ్యంగా పార్కింగులో. అపార్టుమెంటు సెల్లార్‌లో స్తంభాల మధ్య నుంచి కారును వెనక్కి తీస్తున్న వ్యక్తిని గమనించండి. ఒక చేయి పక్క సీటు మీద వేసి, నడుము తిప్పి వెనక అద్దంలోంచి చూస్తుంటాడు. నడుముతో పాటు తొడ తిరుగుతుంది, తొడతో పాటు మడమ జరుగుతుంది. తిరిగి ముందుకు చూసేసరికి పాదం తాను అనుకున్న చోట ఉండదు. పార్కింగు టికెట్టు కోసం కిటికీలోంచి కుడివైపుకు వంగినప్పుడూ ఇదే జరుగుతుంది. అలా వంగేముందు లీవరును పార్క్‌లోకో న్యూట్రల్‌లోకో మార్చి హ్యాండ్‌బ్రేకు వేస్తే సరిపోతుంది.

ఇక ఎడమ కాలికి ఈ కారులో పని లేదు. దాన్ని పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టి ఉంచాలి. క్లచ్‌ను అడుగంటా తొక్కడానికి అలవాటుపడిన ఆ కాలు బ్రేకు మీదకు వస్తే అదే బలంతో తొక్కుతుంది, వెనక వచ్చేవారు గుద్దేస్తారు. రేసు డ్రైవర్లు ఎడమ కాలితో బ్రేకు వేస్తారు కదా అని కొందరు వాదిస్తారు. కాలు ఒక పెడలు నుంచి మరో పెడలుకు మారడానికి సెకనులో అయిదో వంతు పట్టిందనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 3.3 మీటర్ల దూరం కలిసివస్తుందన్న మాట నిజమే. కానీ ఉలిక్కిపడిన క్షణంలో రెండు కాళ్లూ ఒకేసారి బిగుసుకుని రెండు పెడళ్లనూ అదిమే ప్రమాదం ఉంది. అంతేకాక, ఊరికే బ్రేకు మీద ఆనించి ఉంచిన కాలు ప్యాడ్లను వేడెక్కిస్తుంది, వెనక లైట్లను వెలిగిస్తూ వెనకవారిని అయోమయంలో పడేస్తుంది.

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) కార్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. వాటిలో క్లచ్ ఉంది, కాకపోతే దాన్ని యంత్రమే నడుపుతుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి కారును నిలబెడితే ఆ క్లచ్ రాపిడికి వేడెక్కి అరిగిపోతుంది. నిలబెట్టాల్సింది బ్రేకుతోనే. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు వంటి చోట్ల లీవరును తక్కువ గేరులో ఉంచి, బ్రేకును అవసరమైనప్పుడే గట్టిగా వేసి వదలాలి.

ఎప్పుడైనా కారు అదుపు తప్పి ఉరికితే, ముందుగా రెండు కాళ్లూ పెడళ్ల మీద నుంచి పూర్తిగా ఎత్తాలి. తొక్కుతున్నది యాక్సిలరేటరే అయితే అక్కడితోనే వేగం పెరగడం ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే, అంటే కాళ్ల కింది మ్యాటు యాక్సిలరేటర్‌ను పట్టేసి ఉంటే, బ్రేకును ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి న్యూట్రల్‌లోకి మార్చాలి. పదేపదే తొక్కి వదిలితే పెట్రోలు కార్లలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఖర్చైపోతుంది. మ్యాటు మీద మ్యాటు వేయకపోవడం, సీటు కింద నీళ్ల సీసాలు దొర్లకుండా చూసుకోవడం, జారే చెప్పులతో నడపకపోవడం ఇందుకే.

కొత్తగా ఆటోమేటిక్ కొన్నవారు ఇంజను ఆపి, పార్క్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి సాధన చేయవచ్చు. ముందు సీటును సర్దుకోవాలి: బ్రేకును పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. తరవాత మడమ కదలకుండా పాదాన్ని బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు, అక్కడి నుంచి బ్రేకుకు తిప్పుతూ ఉండాలి. మొదట చూస్తూ, ఆ తరవాత చూడకుండా చేసి, బ్రేకు దగ్గర ఆగిన ప్రతిసారీ కిందికి చూసి పాదం పెడలు మధ్యలో పడిందో లేదో సరిచూసుకోవాలి.