ఫిట్స్‌కి కీటో డైట్: ఆ సినిమా నిజంగా ఏం చెప్పింది?

పిల్లల ఫిట్స్‌కి మాత్రలు అక్కర్లేదు, కీటో డైట్ (కొవ్వు బాగా ఎక్కువ, పిండి పదార్థాలు చాలా తక్కువ ఉండే తిండి) చాలు అనే మాట మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. దానికి సాక్ష్యంగా తరచూ చూపించేది మెరిల్ స్ట్రీప్ నటించిన అమెరికన్ టీవీ సినిమా 'ఫస్ట్ డూ నో హామ్' (1997). మూర్ఛ ఉన్న పిల్లాడి ఇల్లు ఎలా అతలాకుతలం అవుతుందో అంత సూటిగా చూపించిన సినిమాలు తక్కువ. అందుకే దాన్ని అడ్డం పెట్టుకుని మాత్రలు మానేయమంటుంటే బాధ కలుగుతుంది.

ఈ డైట్ 1920ల నుంచీ ఉన్నదే, ఆ చరిత్ర చాలాచోట్ల దొరుకుతుంది. నా దృష్టిలో అసలు మలుపు 1993లో ఉంది. ఆ సినిమా తీసిన జిమ్ అబ్రహమ్స్ అప్పటికే కామెడీలతో పేరు తెచ్చుకున్న దర్శకుడు. ఆయన కొడుకు చార్లీకి ఏడాది వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. మందు మీద మందు మార్చారు, మెదడుకు ఆపరేషన్ కూడా చేశారు. ఆగలేదు. చివరికి ఆ తండ్రే లైబ్రరీలో కూర్చుని వెతికితే కీటోజెనిక్ డైట్ సంగతి తెలిసింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో డాక్టర్ జాన్ ఫ్రీమన్, డైటీషియన్ మిల్లిసెంట్ కెల్లీ దాన్ని అప్పటికీ వదలకుండా వాడుతుండేవారు. అక్కడ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే చార్లీకి ఫిట్స్ ఆగిపోయాయి.

ఇలాంటి దారి ఒకటి ఉందని తనకెవరూ ముందే ఎందుకు చెప్పలేదన్నదే అబ్రహమ్స్ ఆవేదన. 1994లో కొడుకు పేరుతో చార్లీ ఫౌండేషన్ పెట్టారు. మూడేళ్లకు సినిమా వచ్చింది. అందులో తల్లి లోరీ మాత్రల దుష్ప్రభావాలతో నలిగిపోతున్న కొడుకును చూడలేక, పుస్తకాల్లో చదివి డైట్ గురించి అడుగుతుంది. రుజువుల్లేవని డాక్టర్ కొట్టిపారేసి, ఆపరేషన్‌కే మొగ్గు చూపుతుంది. ఆ సీన్లలో తల్లి అడిగేది ఒక్క అవకాశం. డైట్ వల్ల మేలు పొందిన పిల్లలు కొందరు ఇందులో చిన్న పాత్రలు వేశారు, కెల్లీ తన పాత్రలో తానే కనిపించారు.

డాక్టర్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. 1938లో ఫెనిటోయిన్ వచ్చింది. మన ఇళ్లలో ఎప్టాయిన్ పేరుతో తెలిసిన మందే. ప్రతి పూటా కొవ్వును గ్రాముల్లో తూచి పెట్టడం కంటే మాత్ర వేయడం సులువు కాబట్టి డైట్ వెనక్కి పోయింది. సినిమా వచ్చేనాటికి డైట్ మీద సరైన పోలికతో జరిగిన ట్రయల్ కూడా లేదు.

ఆ లోటు 2008లో తీరింది. లండన్‌లో 145 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో, డైట్ తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివాళ్లలో అది 6 శాతమే. 2013లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కీటోలోనే కాస్త సులువైన రకమైన మాడిఫైడ్ అట్కిన్స్ డైట్‌ని 102 మంది పిల్లల మీద పరీక్షించి ప్రచురించారు. అక్కడ ఫిట్స్ సగానికి పైగా తగ్గినవాళ్లు డైట్ తీసుకున్న పిల్లల్లో 52 శాతం, తీసుకోనివాళ్లలో 11.5 శాతం. ఇప్పటి గొడవకి కావలసిన విషయం ఇక్కడే ఉంది: ఆ రెండు ట్రయల్స్‌లోనూ పిల్లలు వేసుకుంటున్న మాత్రలు ఆపలేదు. మాత్రలు వాడుతూనే డైట్ పెట్టారు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. చార్లీకి మందులు ఆపింది కూడా డైట్ పనిచేసిన తర్వాతే.

కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లో బరువుకి, షుగర్‌కి అంటూ కొబ్బరినూనె డైట్ ఊపేసింది కదా, పిల్లల వైద్యంలో వాడే డైట్ దానిలాంటిది కాదు. కొన్ని జన్యు లోపాలున్న పిల్లలకు ఇది ప్రమాదం, ముందే పరీక్షలు చేయాలి. కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం, ఎదుగుదల మందగించడం లాంటివి కనిపెట్టి ఉండాలి. రెండు మూడు మందులు సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగని పిల్లలకు డైట్‌ని గట్టిగా పరిశీలించమని 2009లో అంతర్జాతీయ నిపుణులు సిఫార్సు చేశారు. అంటే తల్లిదండ్రులు ఆ ప్రశ్న అడగడం తప్పేమీ కాదు, అడిగితే విసుక్కోకూడదు కూడా. కానీ ఈ డైట్ తెలిసిన పిల్లల న్యూరాలజిస్టు, డైటీషియన్ ఇద్దరూ ఒకేచోట దొరికేది మనకు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. జిల్లాల్లో ఉన్న తల్లికి వాళ్లకంటే ముందు ఫోన్లో వీడియో చేరుతోంది.